బోర్డు మీది వాక్యం

ఆ ఇంట్లో ఇప్పుడు ఏ తలుపూ కిర్రుమనడం లేదు. పని లేకుండా ఇంట్లో కూర్చోబెడితే కుదురుగా కూర్చునే రకం కాదు ఆకాశం. ఆరు రోజుల్లో ప్రతి తలుపు బందుకీ నూనె పోశాడు, కారే కుళాయిలు రెండూ బాగుచేశాడు, అవి చాలక శుభ్రంగా పనిచేస్తున్న మూడోదాన్ని విప్పి చెడగొట్టి మళ్లీ బిగించాడు. వాళ్లమ్మ చూసి చూసి, "ఒరే, ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నా మోకాళ్లకీ కాస్త నూనె పోసెయ్, ఓ పనైపోతుంది" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ వారం అది నవ్వే ఇల్లు కాదు.

ఆకాశం అన్నది తోటి పనివాళ్లు పెట్టిన పేరు. ఇనుప రేకు చుట్టలు నిలవచేసే పెద్ద గోదాములో క్రేను నడుపుతాడు. నేలకి నలభై అడుగుల ఎత్తున, కప్పుకి కాస్త కింద, ఒక గాజు గదిలో ఎనిమిది గంటలు కూర్చుంటాడు. మెడ ఎత్తి కేకేస్తే తప్ప మాటకి దొరకడు, అందుకని ఆ పేరు. ఇంట్లో తల్లి, అన్న, వదిన. అన్న సరుకు లారీ తోలుతూ నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు, కాబట్టి ఇంటి మంచీ చెడూ వదిన నెత్తినే పడ్డాయి. ఈ కథ ఆ వదినది. గోదాములో ఆమెని అందరూ టీచరమ్మ అంటారు.

ఆమె అక్కడ టీచరమ్మ ఎలా అయిందో చెబితే గాని ఆ మధ్యాహ్నం ఆమె వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతోందో అర్థం కాదు. గోదాములో ప్రతి క్రేనుకీ ఒక రోజువారీ పుస్తకం ఉంటుంది. షిఫ్టు ఎక్కేముందు డ్రైవరు పైకి వెళ్లి బ్రేకు చూసి, దిగొచ్చి అందులో రాసి సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్లుగా అందరూ రాసింది రెండే అక్షరాలు, ఓకే. నిరుడు సరుకు కొనే పెద్ద కంపెనీ మనుషులు వచ్చి ఆ పుస్తకాలు తిరగేసి, ఇదేం రాత అన్నారు. ఇకమీదట ఇంగ్లీషులో పూర్తి వాక్యం ఉండాలి, ఏం చేశారో, ఎలా చేశారో, ఎక్కడ, ఎప్పుడు చేశారో అన్నీ ఉండాలి, లేకపోతే సరుకు వేరేచోట కొంటామన్నారు. గోదాము పెద్దలకి చెమటలు పట్టాయి. ఆకాశం ఊరుకోకుండా, "మా వదిన ఇంగ్లీషు బాగా చెబుతుందండీ" అన్నాడు. వీధిలో పదిమంది పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషి అలా వారానికి రెండు రోజులు, షిఫ్టు దిగాక, క్యాంటీను గదిలో ఇరవై రెండు మంది పెద్దవాళ్ల ముందు నిలబడింది.

మొదటి రోజు యాడ్‌వర్బ్ ఫ్రేజ్ అని బోర్డు మీద రాయగానే సగం మంది కిటికీలోంచి బయటికి చూశారు. ఆమె బెదరలేదు. "కేర్‌ఫుల్లీ అంటే జాగ్రత్తగా. ఒక్క మాట. అదే పని విత్ గ్రేట్ కేర్ అన్న మూడు మాటలు కలిసి కూడా చేస్తాయి. ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని అడిగితే జవాబు చెప్పే మాటల గుంపు అది. అంతే" అంది.

వెనక బెంచీలోంచి కొక్కెం బాబాయ్ చెయ్యెత్తాడు. క్రేను కింద నిలబడి చుట్టలకి గొలుసు వేసి కొక్కేనికి తగిలించడం ఆయన పని. అరవైకి దగ్గర పడ్డ మనిషి, అందరికీ బాబాయే. "అంటే ఒక్కడు చేసే పని ముగ్గురు కలిసి చేస్తారన్నమాట. మా దగ్గరా అంతేనమ్మా, కొత్తేం కాదు" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వుతో భయం పోయింది. అప్పుడే ఆమె, అందరికీ పనికొస్తుంది కదా అని, పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఒక వాక్యం రాసింది. ఐ చెక్డ్ ది బ్రేక్ విత్ గ్రేట్ కేర్ ఎట్ ది టాప్ ఆఫ్ ది క్రేన్ బిఫోర్ ది షిఫ్ట్. ఎలా చూశాడు, మహా జాగ్రత్తగా. ఎక్కడ, క్రేను పైన. ఎప్పుడు, షిఫ్టుకి ముందు. మూడు ప్రశ్నలకి మూడు జవాబులు, ఒకే వాక్యంలో. రాసి తనే రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. చాలా అందంగా ఉందనుకుంది, పాపం.

అది చూసి రాయండి, ఇలాంటివి మీ సొంతంగా రాయండి అని ఆమె అంది. చూసి రాయడం వరకే వాళ్ల చెవికెక్కింది. ఇరవై రెండు మందీ ఆ వాక్యాన్ని చిలకల్లా బట్టీపట్టారు. వారం తిరిగేసరికి గోదాములోని ఏడు క్రేన్ల పుస్తకాల్లో, మూడు షిఫ్టుల్లో, అదే వాక్యం. బ్రేకు చూసినవాడూ అదే రాశాడు, చూడనివాడూ అదే రాశాడు. ఒక క్రేను మరమ్మతు కోసం విప్పి నేల మీద పరిచిన నాలుగు రోజులూ దాని పుస్తకంలో కూడా, క్రేను పైన మహా జాగ్రత్తగా చూశాను అనే ఉంది. సూపర్‌వైజరు మురిసిపోయాడు. సరుకు కొనేవాళ్లు వచ్చి చూసి, అద్భుతం అని తలూపి వెళ్లారు. టీచరమ్మకి క్యాంటీనులో చేతులున్న కుర్చీ వేశారు.

ఆరు రోజుల క్రితం పగటి షిఫ్టులో, ఆకాశం ఒక చుట్టని కిందికి దించుతుండగా అది ఆగవలసినచోట ఆగలేదు. బాబాయ్ పక్కకి దూకాడు గాని కుడికాలు దూకలేదు. మోకాలి కింద ఎముక మూడుచోట్ల విరిగింది. మళ్లీ నడుస్తాడు గాని చేతికర్ర తప్పదన్నారు డాక్టర్లు. ఆకాశాన్ని ఆ రోజే పనిలోంచి ఆపేశారు. రేపు పదిగంటలకి విచారణ.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ రోజు పుస్తకంలో ఆకాశం సంతకం ఉంది, పైన ఆ వాక్యం ఉంది. బ్రేకు చూశానని రాశావు కాబట్టి బ్రేకు బాగున్నట్టే, బాగున్న బ్రేకుతో చుట్ట జారిందంటే తప్పు నీ చేతిదే, అంటుంది కంపెనీ. చూడలేదంటే దొంగరాత రాశావని ఇంటికి పంపుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోరుచుట్టు మీద రోకటిపోటులా టీచరమ్మకి కూడా ఒక కాగితం వచ్చింది. తాను రాసిన వాక్యానికి అర్థం ఈ కార్మికుడికి తెలుసా, తెలియదా, మీరే వచ్చి చెప్పాలి, విద్యార్థుల నోటుపుస్తకాలు వెంట తేవాలి, అని. తెలుసు అంటే మరిది ఉద్యోగం ఆమె నోటితోనే పోతుంది. తెలియదు అంటే నేర్పని పాఠానికి ఆమె ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చున్నట్టు.

నోటుపుస్తకాలు ఇరవై ఒకటే దొరికాయి. ఇరవై రెండోది ఆకాశానిది. సొంత ఇంట్లో పుస్తకం దొరకకపోవడమేమిటి? పొద్దున్నుంచీ ఆమె అల్మారా మూడుసార్లు దులిపింది, మంచం కింద రెండుసార్లు చూసింది. అడిగితే అతను కుళాయి మీదనుంచి తల తిప్పకుండా, "ఎక్కడో పోయింది వదినా, ఇరవై ఒకటి చాలవా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగ గొంతు ఎలా ఉంటుందో ఆమెకి తెలియనిది కాదు.

నాలుగోసారి అల్మారా తెరుస్తుంటే అత్త వచ్చి పక్కన నిలబడింది. తను కట్టుకున్న చీర మడతల్లోంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది.

"చించి పొయ్యిలో పెట్టమన్నాడే వాడు. రాతున్న కాగితం చించాలంటే నాకు చేతులు రాలేదు. నాకు చదవడం రాకపాయె. ఏముందే అందులో?"

టీచరమ్మ నిలబడే పేజీలు తిప్పింది. మొదట్లో అన్నీ మామూలే. చివరినుంచి మూడో పేజీలో ఆకాశం కోడిగీతల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. బ్రేక్ స్లిప్ లిటిల్ లిటిల్ విత్ లోడ్ ఇన్ కమింగ్ డౌన్ టైమ్ ఫ్రమ్ టూ డేస్. బరువుతో దిగేటప్పుడు రెండు రోజులుగా బ్రేకు కొంచెం కొంచెం జారుతోందని. దాని మీద ఈ చివరనుంచి ఆ చివరకి ఎర్ర సిరాతో గీత. పక్కన ఎర్ర సిరాతోనే, ఇది కాదు, బోర్డు మీదది పదిసార్లు రాయి, అని. కింద ఆమె పొట్టి సంతకం, తేదీ. ఆ కింద బుద్ధిగా పదిసార్లు, ఐ చెక్డ్ ది బ్రేక్ విత్ గ్రేట్ కేర్.

ఆమె తేదీ లెక్కపెట్టుకుంది. చుట్ట జారడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు.

ఇరవై రెండు మందిలో ఒక్కడు, తన కంటితో చూసినదానికి తన మాటలు తను వెతుక్కుని ఎలా, ఎప్పుడు, ఎన్నాళ్లనుంచి అని రాసుకొచ్చాడు. ఆ ఒక్కడినీ పట్టుకుని ఆమె గీత కొట్టింది. చదవకుండా కొట్టానని అనుకోవడానికి కూడా వీల్లేదు. చదివింది. ఆ రోజు తలనొప్పిగా ఉంది, ఇంకా పదకొండు పుస్తకాలు దిద్దాల్సి ఉంది, మరిదైపోయాడని ఊరుకుంటే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని ఈ పుస్తకం మీద ఎప్పుడూ పెన్ను కాస్త గట్టిగానే నొక్కేది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. కూర్చుందామనుకుంది గాని కూర్చోలేకపోయింది.

"ఏముందే?" అని అత్త మళ్లీ అడిగింది.

"నా రాత ఉందత్తయ్యా" అని పెరట్లోకి నడిచింది.

ఆకాశం కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆమె చేతిలో పుస్తకం చూసి పానా కింద పెట్టాడు. తల్లి వైపు ఒకసారి, వదిన వైపు ఒకసారి చూశాడు.

"ఇది పోయిందన్నావు" అంది టీచరమ్మ.

"పోయిందనే అనుకో వదినా. ఇప్పటికీ మించిపోలేదు."

"సూపర్‌వైజరుకి చెప్పావా ఇది?"

"క్రేను దిగి వెళ్లి మరీ చెప్పా. పుస్తకంలో రాసివ్వు, చూద్దాం అన్నాడు. ఇంగ్లీషులో రాయాలి కదా. తప్పుపోతే నవ్వుతారని ముందు నోటుపుస్తకంలో రాశా. నువ్వు దిద్దిపెడితే చూసి ఎక్కిద్దామని."

"ఒకే ఇంట్లో ఉంటున్నాం. నోటితో అడగొచ్చు కదయ్యా నన్ను?"

అతను నేల మీద నీటి చుక్కలు వేలితో కలిపాడు. "అడిగా. ఆ సాయంత్రమే. నువ్వు బట్టలు మడతపెడుతున్నావు. నాది ఎందుకు కొట్టేశావు వదినా అన్నా. బోర్డు మీదది రాకుండా సొంత కవిత్వమొకటా అన్నావు."

ఆమెకి గుర్తొచ్చింది. ఆ మాట అని నవ్వింది కూడా. అతనూ నవ్వాడు. బట్టలు బాగా ఎండలేదని అత్త విసుక్కుంది. ఇంట్లో అలాంటి మాటలు రోజుకి వంద పడుతుంటాయి, ఏది ఎక్కడ గుచ్చుకుంటుందో ఎవరు చూడొచ్చారు?

"తర్వాత?"

"తర్వాతేముంది. బోర్డు మీదదే ఎక్కించా. మెల్లగా నడుపుకుందాంలే, మరమ్మతువాళ్లు ఎటూ నెలాఖరుకి వస్తారు కదా అనుకున్నా. దించేటప్పుడల్లా బాబాయ్‌ని దూరం జరగమని పైనుంచి చెయ్యి ఊపేవాణ్ణి. ఆయనేమో పలకరిస్తున్నాననుకునేవాడు. తిరిగి ఊపేవాడు."

"దిగొచ్చి చెప్పలేకపోయావా ఆయనకి?"

"చెబితే కింద ఎవడూ నిలబడడు. పని ఆగుతుంది. ఎవరు ఆపారంటే ఆకాశం అంటారు, ఏదీ రాత చూపించు అంటారు. రాతలో బ్రేకు బ్రహ్మాండంగా ఉంది." అతను పానా మళ్లీ చేతిలోకి తీసుకుని, చేసే పనేమీ లేక అటూ ఇటూ తిప్పాడు. "ఆ పుస్తకం తీసుకెళ్లకు వదినా. తెలిసీ నడిపాడని నన్నెటూ అంటారు. ఎర్ర సిరా చూసి నిన్నూ అంటారు. నీ క్లాసు పోతుంది. ఒక్కడితో పోయేదానికి ఇద్దరెందుకు?"

"అయితే రేపు ఏం చెబుతావు?"

"చెయ్యి జారిందంటా."

"జారిందా?"

"లేదు."

పుస్తకం తీసుకెళ్తే అతన్ని కాపాడుతుందో ముంచుతుందో ఆమెకీ తెలియలేదు. తెలిసీ చెప్పలేదన్న మాట మిగిలే ఉంటుంది. ఆమె ఆ పెరట్లోనే నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు నడిచింది. ఇంటిల్లిపాదీ తినే తిండిలో సగం అతని జీతమే, మిగతాది తన పాఠాలు. రెండూ ఒకే రోజు పోతాయేమో. గోదాములో మిగతావాళ్లు కూడా ఊరుకోరు, అందరి దొంగరాతలూ బయటపెట్టిందని ఆమె మొహం చూడరు. వద్దనుకుంటే పొయ్యి పది అడుగుల దూరంలో ఉంది. ఒక్క క్షణం ఆమె నిజంగానే పొయ్యి వైపు చూసింది. ఈ సంగతి ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు గాని, చూసింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న అత్త అప్పుడు నోరు తెరిచింది. "పొద్దున ఆసుపత్రికి పోయొచ్చా నేను. ఆ మనిషి భార్య వరండాలో నేల మీద పడుకుంటోంది, తలకింద చెప్పుల సంచి పెట్టుకుని. మీరిద్దరూ ఇక్కడ ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటున్నారు. బాగుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

టీచరమ్మ పుస్తకాన్ని మిగతా ఇరవై ఒకటి ఉన్న సంచిలో పెట్టి సంచి మూతి ముడేసింది.

మర్నాడు పదిగంటలకి గోదాము ఆఫీసు గదిలో ఒక పొడుగాటి బల్ల వెనక విచారణాధికారి కూర్చుంది. పై ఆఫీసు నుంచి వచ్చిన యాభై ఏళ్ల మనిషి, గొంతు పెంచదు, పెన్ను మూత పెట్టదు. ఆమెకి కుడివైపు సూపర్‌వైజరు. గోడవారగా ఆకాశం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీచరమ్మకి కుర్చీ చూపించారు గాని ఆమె అంచు మీదే కూర్చుంది.

"ఈ వాక్యం మీరు నేర్పిందేనా?" అని అధికారి రోజువారీ పుస్తకం తిప్పి చూపించింది.

"నేనే రాశానండీ బోర్డు మీద."

"దీని అర్థం ఇతనికి తెలుసా?"

"తెలుసండీ."

సూపర్‌వైజరు వెనక్కి వాలాడు. ఆకాశం నేల చూపులు చూశాడు.

"తెలుసండీ" అని టీచరమ్మ మళ్లీ అంది. "కాని అది అతను రాసిన వాక్యం కాదు. నాది. ఆ ఏడు పుస్తకాలూ తెప్పించి చూడండి. అన్నిటిలోనూ నా వాక్యమే. మొన్న నాలుగు రోజులు మూడో క్రేనుని ఊడదీసి నేల మీద పెట్టారు. ఆ నాలుగు రోజులూ దాని పుస్తకంలో కూడా క్రేను పైన బ్రేకు చూశామనే ఉంటుంది. నేను జన్మలో క్రేను ఎక్కలేదండీ. బ్రేకు ఎలా ఉంటుందో చూడకుండా రాశానా వాక్యం. ఇతను తన వాక్యం వేరే రాశాడు."

ఆమె సంచి ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. చివరికి పుస్తకం బయటికి తీసి బల్ల మీద పేజీ తెరిచి పెట్టింది.

అధికారి ఆ లైను రెండుసార్లు చదివింది. తేదీ చూసింది. "ఎవరు కొట్టేశారిది?"

"నేనండీ."

"ఎందుకు?"

ఎలా, ఎక్కడ, ఎప్పుడు అని ఏడాదిగా అడిగీ అడిగించీ ఉన్న మనిషికి, ఎందుకు అన్న ఒక్క ప్రశ్నకి నాలుక పైకి లేవలేదు. "తప్పులున్నాయని" అంది.

"ఏమిటవి?"

"ఇంగ్లీషులో నాలుగు తప్పులున్నాయండీ. చెప్పినదాంట్లో ఏం లేవు."

ఇక్కడ సూపర్‌వైజరు తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. పొద్దున్నే, బ్రేకు గురించి నా చెవిన ఒక్క మాటా పడలేదు, అని రాసిచ్చిన మనిషి, ఆ పేజీ వైపు చేయి చాపి, "ఇది ఇక్కడ రాస్తే ఏం లాభమండీ? వచ్చి నోటితో చెబితే నేను రాసివ్వమనే అన్నాను కదా. రాసిచ్చుంటే ఆపించేవాణ్ణే కదా" అన్నాడు.

అధికారి అతని వైపు తిరిగింది. "ఎప్పుడు చెప్పాడు?"

సూపర్‌వైజరు మొహంలో రంగు మారింది. నీళ్ల గ్లాసు తీసుకుని తాగకుండా కింద పెట్టాడు. అధికారి పెన్ను చాలాసేపు ఆగకుండా నడిచింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి బయటికి వచ్చారు. క్రేను బ్రేకు విప్పి చూస్తారు, అంతవరకూ సూపర్‌వైజరు పనిలోకి రాడు. తెలిసీ కింద మనిషికి చెప్పనందుకు ఆకాశానికి మూడు నెలలు క్రేను లేదు, నేల మీద పని. ఉద్యోగం ఉంది. క్యాంటీనులో ఇంగ్లీషు క్లాసు ఆ రోజుతో మూసేశారు. పుస్తకాల్లో ఇక ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు, ఉన్నది ఉన్నట్టు రాయాలన్నారు. గేటు దగ్గర నలుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. నిన్నటిదాకా టీచరమ్మా అని పలకరించినవాళ్లే, ఒక్కడూ పలకరించలేదు. ఆమె తలొంచుకునే వాళ్ల ముందునుంచి నడిచింది.

"అయిపోయింది వదినా. ఇంటికి పోదాం పద. అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు ఆకాశం. వారం రోజుల తర్వాత అతని భుజాల బిగువు కాస్త సడలింది.

"ఎక్కడ అయిపోయింది? బాబాయ్‌కి చెప్పాలి."

"ఆయనకిప్పుడెందుకు? మంచం మీదున్న మనిషి. మనం చెప్పకపోతే ఎర్ర గీత సంగతి ఆయనదాకా పోదు."

"పోకపోతే ఆయన పక్కన కూర్చుని ఏం మాట్లాడతావు? వాతావరణమా?"

బస్సు వచ్చేదాకా ఆమె స్టాపులో కూర్చోలేదు. బస్సులో ఖాళీ సీట్లున్నా నిలబడే ఉంది. దారిలో రెండుసార్లు, దిగిపోదామా అనిపించింది. అనిపించినప్పుడల్లా పై కడ్డీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రిలో పెద్ద హాలు, రెండు వరసల మంచాలు. కిటికీ పక్క మంచం మీద కొక్కెం బాబాయ్. కుడికాలు తెల్లటి పట్టీల్లో, దిండు మీద ఎత్తుగా ఉంది. వీళ్లని చూడగానే మొహం విప్పారింది.

"రామ్మా టీచరమ్మా. హోంవర్కు అడగడానికొచ్చావా? చేయలేదమ్మా, కాలు విరిగింది" అన్నాడు. ఆకాశాన్ని చూసి, "ఏరా, నీ మొహం అలా పీక్కుపోయిందేంటి? పడింది నా కాలు మీదా, నీ కాలు మీదా? పోనీలేరా, ఏదో టైము. ఇనుముకి మనమంటే ప్రేమెందుకుంటుంది" అన్నాడు.

ఆ మంచితనం భరించడం ఆమెకి కష్టమైంది. ఇంకొక్క నిమిషం ఆగితే తాను కూడా నవ్వేస్తుందని, నవ్వితే ఇక చెప్పలేనని తెలిసింది. నిలబడే చెప్పేసింది. బ్రేకు జారుతోందని ఆకాశానికి తెలిసిన సంగతి, రాసిన సంగతి, తాను కొట్టేసిన సంగతి, పదిసార్లు బోర్డు మీదది రాయించిన సంగతి. ఏదీ తగ్గించలేదు. ఆకాశం మధ్యలో, "నేను దిగొచ్చి చెప్పాల్సింది బాబాయ్" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

బాబాయ్ మొహంలో నవ్వు వెంటనే పోలేదు, దానికి కాస్త టైము పట్టింది. ఆమెని చూశాడు, వాడి వీపుని చూశాడు, తన కాలిని చూసుకున్నాడు.

"ఎప్పుడు రాశాడమ్మా అది?" అని అడిగాడు.

"ఎనిమిది రోజుల ముందు బాబాయ్."

ఆయన దుప్పటి మీద చేయి పెట్టి వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి మూడో వేలు దగ్గర ఆగాడు. పక్క మంచం మనిషి ఏదో అడిగితే వినిపించుకోలేదు.

"ఆ ఎనిమిది రోజులూ నేను దాని కిందే నిలబడ్డానమ్మా" అన్నాడు.

గొంతులో కోపం లేదు. టీచరమ్మ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. ఆయన కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.